ఉద్యోగం చేసుకుంటూనే యూఎస్ ఆర్మీ రిజర్వ్‌లో ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా కల్నల్ దాకా వెళ్ళొచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. వయసు 29, టెక్సాస్‌లో డేటా ఇంజనీర్, పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది, బీటెక్ ఇండియాలో చేశారు, అమ్మానాన్న అక్కడే ఉన్నారు. ఆర్మీ రిజర్వ్‌లో, అంటే పార్ట్ టైమ్ సైన్యంలో, మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా చేరాలని ఉంది. ఉద్యోగం మానకుండా పెద్ద ర్యాంక్ దాకా వెళ్ళడం జరిగే పనేనా, అమ్మానాన్న ఇండియాలో ఉంటే సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) రాదా, అసలు ఆ పై స్థాయిలో చేసే పని ఏంటి అని.

ముందు సూటిగా చెప్పేస్తా. జరిగే పనే. నేను 1997లో సెకండ్ లెఫ్టినెంట్‌గా మొదలై 2024లో కల్నల్‌గా రిటైర్ అయ్యా, ఆ 27 ఏళ్ళూ పక్కన సివిలియన్ ఉద్యోగం నడుస్తూనే ఉంది, మొబిలైజ్ అయిన, అంటే సైన్యం ఫుల్ టైమ్ డ్యూటీకి పిలిచిన రోజులు తప్ప. అమ్మానాన్న ఇండియాలో ఉండటం వల్ల క్లియరెన్స్ ఆలస్యం అవొచ్చు, అంతేగానీ ఆ ఒక్క కారణంతో ఆగిపోదు. దాచితే మాత్రం ఆగిపోతుంది. ఇక పై స్థాయిలో పని అంటారా, మీరు ఊహించుకునే దానికీ దానికీ చాలా దూరం, అది కింద వివరంగా రాస్తా ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

మొదట ఒక అపోహ తీసేయాలి. ఇంటెలిజెన్స్ అనగానే మనవాళ్ళు గూఢచారి అనుకుంటారు. మా మామయ్య అయితే పదేళ్ళ పాటు అందరికీ అలాగే చెప్పుకున్నారు. ఆఫీసర్ పని ప్రధానంగా విశ్లేషణ. శత్రువు ఎక్కడున్నాడు, ఏం చేయగలడు, ఏం చేసే అవకాశం ఎక్కువ, అది మన కమాండర్ ఈరోజు తీసుకోవాల్సిన నిర్ణయాన్ని ఎలా మారుస్తుంది, ఇదే. మనుషుల దగ్గర్నుంచి వచ్చే సమాచారం, సిగ్నల్స్, శాటిలైట్ ఫొటోలు, బయట అందరికీ దొరికే వార్తలు, వీటన్నిటినీ కలిపి చూసేవాడే ఆల్ సోర్స్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్, ఆర్మీ కోడ్‌లో 35ఏ. బెటాలియన్, బ్రిగేడ్‌లో ఆ కుర్చీని ఎస్-2 అంటారు, జనరల్ ఉండే హెడ్‌క్వార్టర్స్‌లో జీ-2, అన్ని సర్వీసులూ కలిసిన చోట జే-2.

దారి ఎలా ఉంటుందంటే, ఆఫీసర్ కమీషన్‌కి, అంటే ఆఫీసర్‌గా నియామకానికి, సిటిజన్‌షిప్ తప్పనిసరి, అది మీకుంది కాబట్టి సరిపోయింది (గ్రీన్ కార్డ్ మీద సోల్జర్‌గా చేరొచ్చు, ఆఫీసర్‌గా కుదరదు). నేను కాలేజీలో ఆర్ఓటీసీ (చదువుతూనే చేసే ఆఫీసర్ శిక్షణ) చేసి వచ్చా, మీకు కాలేజీ అయిపోయింది కాబట్టి ఓసీఎస్, అంటే ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్, జార్జియాలో ఫోర్ట్ బెన్నింగ్‌లో 12 వారాలు. ఇండియా డిగ్రీని ఇక్కడి బ్యాచిలర్స్‌కి సమానమని ఎవాల్యుయేషన్ చేయించి పెట్టుకోండి, ఇది చాలామంది చివరి నిమిషం దాకా వదిలేస్తారు. ఆ తర్వాత అరిజోనాలో ఫోర్ట్ వాచూకాలో ఇంటెలిజెన్స్ బేసిక్ కోర్సు, నెలల తరబడి ఉంటుంది, ఫుల్ టైమ్. అంటే మొదటి ఏడాదీ ఏడాదిన్నరలోనే మీ కంపెనీకి మీరు గణనీయంగా దూరంగా ఉంటారు. నెలకో వీకెండ్ ఏడాదికి రెండు వారాలు అని రిక్రూటర్ చెప్పే మాట ట్రైనింగ్ అంతా అయ్యాక మొదలయ్యే లెక్క, ఇది ఇప్పుడే మనసులో పెట్టుకోండి. చేరితే మొత్తం బాధ్యత 8 ఏళ్ళు.

క్లియరెన్స్ గురించి. ఇంటెలిజెన్స్ బ్రాంచ్‌లో టాప్ సీక్రెట్ ఎస్‌సీఐ (అత్యంత రహస్య సమాచారానికి అనుమతి) లేకపోతే మీరు తలుపు బయటే కూర్చోవాలి, అక్షరాలా బయటే. దానికి ఎస్ఎఫ్-86 అనే ఫారం నింపాలి, ప్రింట్ తీస్తే 100 పేజీలు దాటుతుంది. పదేళ్ళ అడ్రస్‌లు, ఉద్యోగాలు, ఏడేళ్ళ విదేశీ ప్రయాణాలు, అమ్మా నాన్న అన్న చెల్లి అత్తా మామ అందరి పౌరసత్వం, దగ్గరి సంబంధం ఉన్న విదేశీయులు, విదేశాల్లో ఉన్న డబ్బూ ఆస్తీ. మనవాళ్ళు ఎక్కడ తప్పుతారో నాకు బాగా తెలుసు. నాన్నగారు పదేళ్ళ కిందట మన పేరు మీద రాయించిన రెండెకరాలు, ఎన్నారై అకౌంట్‌లో ఉన్న కాస్త డబ్బు, ఊళ్ళో అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్న ఇంట్లో వాటా. అది నాది కాదు కదా నాన్నది అనుకుని రాయరు. కాగితం మీద మీ పేరుంటే అది మీది, రాయండి.

నా దగ్గర పనిచేసిన ఒక లెఫ్టినెంట్, చాలా చురుకైన కుర్రాడు, విదేశంలో ప్రభుత్వోద్యోగం చేసే బాబాయితో ప్రతి వారం మాట్లాడేవాడు, ఫారంలో ఆయన పేరు రాయలేదు. అడిగితే, రాస్తే గొడవ అవుతుందని భయపడ్డా సర్ అన్నాడు. ఆ బాబాయి ఉద్యోగంలో గొడవేం లేదు, చిన్న గుమాస్తా. కానీ ఇన్వెస్టిగేటర్‌కి అది ఇంకో చోట తెలిసింది, ఆ క్షణం నుంచి ప్రశ్న బాబాయి గురించి కాదు, ఈ కుర్రాడు ఇంకా ఏం దాచాడు అన్నది. రెండేళ్ళు పోయాయి అతనికి, తనతో వచ్చినవాళ్ళు కెప్టెన్‌లు అయ్యే టైమ్‌కి అతను ఇంకా సామాన్ల లెక్కలు చూస్తూ ఉన్నాడు.

నా కేసు కూడా చెప్తా. 2001లో నా పెళ్ళి, మా ఆవిడకి అప్పటికి ఇండియన్ పాస్‌పోర్ట్. పెళ్ళి కుదిరిన వారంలోనే సెక్యూరిటీ ఆఫీసర్‌కి రాసిచ్చా. ఏడు నెలలు ఎస్‌సీఐ యాక్సెస్ ఆగింది, రెండు సార్లు ఇంటర్వ్యూ, మా మామగారి ఉద్యోగం ఏంటి, బావమరిది ఏం చేస్తాడు అన్నీ అడిగారు. చిరాకు వేసింది, నిజమే. కానీ ఆ ఫైల్ ఒకసారి శుభ్రంగా క్లోజ్ అయ్యాక తర్వాత ఇరవై ఏళ్ళలో జరిగిన ప్రతి రీఇన్వెస్టిగేషన్‌లోనూ ఆ విషయం మీద ఒక్క నిమిషం కన్నా ఎక్కువ ఎవరూ ఆగలేదు.

ఇంకోటి, మనవాళ్ళలో చాలామందికి తెలీని విషయం. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళకి గానీ చేసి రిటైర్ అయినవాళ్ళకి గానీ ఇండియా ఓసీఐ కార్డ్ (వీసా లేకుండా వెళ్ళొచ్చే కార్డ్) ఇవ్వదు. రిజర్వ్ కూడా సైన్యమే. నేను ఈరోజుకీ వీసా తీసుకునే వెళ్తా. అమ్మానాన్న పెద్దవాళ్ళు అవుతున్నప్పుడు, అర్ధరాత్రి ఫోన్ వచ్చి వెంటనే బయల్దేరాల్సిన రోజున ఇది ఎంత బరువో అప్పుడు తెలుస్తుంది. పైగా క్లియరెన్స్ ఉన్నవాళ్ళు సొంత పని మీద విదేశం వెళ్ళినా ముందే రిపోర్ట్ చేయాలి. నిర్ణయం తీసుకునే ముందు మీ ఆవిడతో, అమ్మానాన్నతో దీని గురించి కూర్చుని మాట్లాడండి, అన్నిటికన్నా ముందు మాట్లాడాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

ఇక పని ఎలా ఉంటుందో. ఆర్మీ రిజర్వ్‌లో నెలకోసారి వచ్చే డ్రిల్ వీకెండ్‌ని బ్యాటిల్ అసెంబ్లీ అంటాం. శనివారం పొద్దున్నే వెళ్తాం, స్కిఫ్, అంటే రహస్య సమాచారం చూసే భద్రమైన గది, దాని బయట గోడకి చిన్న చిన్న లాకర్లు ఉంటాయి, ఫోన్, స్మార్ట్ వాచ్ అందులో పెట్టి తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్ళాలి. లోపల కిటికీలు ఉండవు. సాయంత్రం బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే ఇంట్లోంచి పది మిస్డ్ కాల్స్ ఉంటాయి, మా అమ్మాయికి జ్వరం వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారని నాకు ఒకసారి అలాగే తెలిసింది. ఆ తర్వాత నుంచి యూనిట్ ల్యాండ్‌లైన్ నంబర్ ఫ్రిజ్ మీద అంటించి పెట్టాం, మీరు మొదటి రోజే ఆ పని చేయండి.

రిజర్వ్ వాళ్ళలో ఒక బలం ఉంది, ఫుల్ టైమ్ సైన్యంలో ఉండే యాక్టివ్ వాళ్ళకి అంత తేలిగ్గా దొరకనిది. నా సెక్షన్‌లో ఒక సార్జెంట్ బయట పోలీస్ డిటెక్టివ్, ఒకావిడ బ్యాంకులో మోసాలు పట్టే ఎనలిస్ట్, ఒకతను మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాడు. డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్తోందో ఒక చార్ట్ వేయమంటే ఆ బ్యాంకు ఆవిడ గంటన్నరలో వేసేది. మీ డేటా ఇంజనీరింగ్ కూడా అలాగే పనికొస్తుంది, కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి, ఈ వృత్తిలో డేటా కంటే కష్టమైంది మాట.

ఎందుకంటున్నానో చెప్తా. 2005, కువైట్‌లో క్యాంప్ అరిఫ్‌జాన్ అనే అమెరికా సైనిక స్థావరం, నేను కెప్టెన్‌ని. ఇరాక్‌లోకి సరుకు తీసుకెళ్ళే ట్రక్ కాన్వాయ్‌లకి బయల్దేరే ముందు రూట్ బ్రీఫింగ్ ఇవ్వడం నా పని. ఎంఎస్ఆర్ టాంపా అని కువైట్ నుంచి పైకి బాగ్దాద్ వైపు వెళ్ళే ప్రధాన సప్లై రోడ్డు, రోడ్డు పక్కన బాంబుల కాలం అది. నేను రోజూ శ్రద్ధగానే తయారయ్యేవాణ్ణి, స్లైడ్‌లు, మ్యాప్ మీద ఎర్ర చుక్కలు, చివర్లో దాడి జరిగే అవకాశం ఉంది జాగ్రత్త అని. ఒక రాత్రి అందరూ లేచి వెళ్తుంటే ఒక డ్రైవర్, స్టాఫ్ సార్జెంట్, నలభై దాటి ఉంటాయి, హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. సర్, మీరు నిన్న కూడా ఇదే చెప్పారు మొన్న కూడా ఇదే చెప్పారు, నిన్నటికీ ఈరోజుకీ తేడా ఏంటో చెప్తే నేను నా వాళ్ళకి చెప్పుకుంటా అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. తేడా ఉంది, నా నోట్స్‌లోనే ఉంది, ఒక ఓవర్‌పాస్ దగ్గర మూడు రోజులుగా దాడుల పద్ధతి మారింది, నేను దాన్ని ఎర్ర చుక్కల్లో ఒక చుక్కగా వేసి వదిలేశా. అతన్ని ఆపి, మిగతా డ్రైవర్లనీ వెనక్కి పిలిచి, ఆ ఒక్క ఓవర్‌పాస్ గురించి రెండు నిమిషాలు చెప్పా. ఆ రాత్రి ఏం జరగలేదు. కానీ మర్నాటి నుంచి నా బ్రీఫింగ్ మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: నిన్నటి నుంచి మారింది ఇది. కల్నల్ అయ్యాక జనరల్స్ ముందు కూడా అదే వాక్యంతో మొదలుపెట్టేవాణ్ణి.

దీని పక్కనే ఇంకో సంగతి. అవకాశం ఉంది అనే మాట వింటే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకుంటారు. ఇది పాత సమస్య. 1951లో సీఐఏలో షెర్మన్ కెంట్ అనే విశ్లేషకుడి బృందం యుగోస్లావియా మీద దాడి జరగడానికి సీరియస్ పాసిబిలిటీ ఉంది అని రాసింది. అంటే ఎంత అని విదేశాంగ శాఖ నుంచి ఒకాయన అడిగితే కెంట్ తన మనసులో ఉన్నది 65కి 35, అంటే జరగడానికి 65, జరగకపోవడానికి 35 అన్నాడు, ఆ అడిగినాయన అంత ఉంటుందని అనుకోనే లేదు. తర్వాత కెంట్ తనతో కలిసి రాసినవాళ్ళని అడిగితే ఒకరు 80కి 20, ఇంకొకరు 20కి 80, అదే కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళు. ఇప్పుడు అమెరికా ఇంటెలిజెన్స్ సంస్థలకి ఐసీడీ 203 అనే ప్రమాణం ఉంది, అందులో లైక్లీ అంటే 55 నుంచి 80 శాతం, వెరీ లైక్లీ అంటే 80 నుంచి 95, అలా మాటకో లెక్క కట్టారు. దాంతో పాటు మనకి ఎంత నమ్మకం, ఎక్కువా మధ్యస్థమా తక్కువా అన్నది వేరేగా చెప్పాలి. ఈ రెండూ కలిపేసే ఆఫీసర్లని నేను మేజర్ స్థాయిలో కూడా చూశా. అవకాశం 70 శాతం అని చెప్పి, ఆ 70 ఒకే ఒక్క సోర్స్ మీద ఆధారపడిందని చెప్పకపోతే కమాండర్‌ని గోతిలోకి తోసినట్టే.

పై స్థాయి. లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్ అయ్యాక మీరు స్వయంగా చేసే విశ్లేషణ తక్కువ. నా సర్వీసులో ఎక్కువ భాగం మిలిటరీ ఇంటెలిజెన్స్ రెడినెస్ కమాండ్ కింద గడిచింది, హెడ్‌క్వార్టర్స్ వర్జీనియాలో ఫోర్ట్ బెల్వార్. బెటాలియన్ కమాండ్ చేసిన రోజుల్లో నా పనిలో పెద్ద భాగం ఏంటంటే, ఎవరి క్లియరెన్స్ ఎప్పుడు ముగుస్తుంది, ఎవరి భాషా పరీక్ష స్కోరు పాతబడింది, ఎవరు ఉద్యోగం పోయి డ్రిల్‌కి రావడం మానేశారు, మొబిలైజేషన్ ఆర్డర్ వస్తే ఎంతమంది నిజంగా విమానం ఎక్కగలరు. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది, కానీ యుద్ధంలో ఇంటెలిజెన్స్ అందేదీ అందనిదీ తేలేది ఇక్కడే. క్లియరెన్స్ ముగిసిన భాషా నిపుణుడు ఎంత గొప్పవాడైనా స్కిఫ్ బయట లాకర్ల పక్కన నిలబడతాడు.

ఇంకో పెద్ద పని, ఓఈఆర్‌లు, అంటే ఆఫీసర్ల పనితీరు రిపోర్ట్‌లు. సీనియర్ రేటర్‌గా నేను మోస్ట్ క్వాలిఫైడ్ అనే గడిలో టిక్ పెట్టగలిగేది ఆ ర్యాంక్‌లో నేను రేట్ చేసేవాళ్ళలో సగం లోపు మందికే. నలుగురు మంచి మేజర్లు ఉంటే ముగ్గురికి పెట్టలేను. ప్రమోషన్ బోర్డ్ మిమ్మల్ని ఎప్పుడూ చూడదు, కాగితమే చూస్తుంది, కాబట్టి నేను రాసే ఆ నాలుగైదు వాక్యాల మీద ఒక మనిషి పదేళ్ళు ఆధారపడి ఉంటాయి. మంగళవారం రాత్రి పదింటికి, ఆఫీసు పని అయ్యాక, వంటింటి బల్ల మీద కూర్చుని ఒక్కో వాక్యం ఐదారు సార్లు తిరగరాసేవాణ్ణి. వాటికి జీతం ఉండదు. వీకెండ్ డ్రిల్‌కి నాలుగు రోజుల బేసిక్ పే వస్తుంది కానీ మధ్యలో వారాల్లో వచ్చే ఫోన్‌లు, ఈమెయిల్‌లు, రిపోర్ట్‌లు అన్నీ మీ సొంత టైమే. కమాండ్‌లో ఉన్నప్పుడు వారానికి పది పన్నెండు గంటలు పోయేవి.

ర్యాంక్‌ల లెక్క క్లుప్తంగా. కెప్టెన్ నుంచి మేజర్, మేజర్ నుంచి లెఫ్టినెంట్ కల్నల్, ఒక్కోదానికి గరిష్ఠంగా ఏడేళ్ళలోపు బోర్డ్ ముందుకి మీ ఫైల్ వెళ్తుంది. మేజర్‌గా ఉన్నప్పుడు ఫోర్ట్ లెవెన్‌వర్త్ వాళ్ళ కమాండ్ అండ్ జనరల్ స్టాఫ్ కోర్సు, రిజర్వ్ వాళ్ళకి దూరవిద్యలో కూడా ఉంది. కల్నల్ ర్యాంక్‌కి సెనేట్ ఆమోదం కావాలి. పెన్సిల్వేనియాలో కార్లైల్‌లోని ఆర్మీ వార్ కాలేజీ దూరవిద్య రెండేళ్ళు, నేను అది చేసిన రెండేళ్ళూ ఇంట్లో టీవీ పెట్టినట్టు గుర్తు లేదు. లెఫ్టినెంట్ కల్నల్‌కి కమీషన్ సర్వీసు 28 ఏళ్ళు, కల్నల్‌కి 30 ఏళ్ళు నిండితే తప్పనిసరిగా దిగిపోవాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. పైకి వెళ్ళే కొద్దీ ఖాళీలు మీ ఊళ్ళో ఉండవు. లెఫ్టినెంట్‌గా కారులో గంట దూరంలో డ్రిల్, కల్నల్‌గా నేను ప్రతి నెలా విమానం ఎక్కి మూడు రాష్ట్రాలు దాటి వెళ్ళా, చాలాసార్లు సొంత ఖర్చుతోనే. ఇది కుదరకే నాకన్నా మంచి ఆఫీసర్లు ఇద్దరు మేజర్‌గా ఆగిపోయారు.

ఉద్యోగం సంగతి. 1994 నాటి యూసెర్రా చట్టం ప్రకారం మీరు సైన్యం పని మీద వెళ్ళొస్తే మీ ఉద్యోగం, మీరు అక్కడే ఉంటే వచ్చి ఉండే హోదాతో సహా, తిరిగి ఇవ్వాలి. ఒకే యజమాని దగ్గర మొత్తం ఐదేళ్ళ వరకు, తప్పనిసరి మొబిలైజేషన్ చాలావరకు ఆ ఐదేళ్ళలో లెక్కకి రాదు. చట్టం గట్టిదే. కానీ నా మేనేజర్ ఒకాయన, కంపెనీ పేరు అనవసరం, నేను 2005లో వెళ్ళొచ్చాక పదవి ఇచ్చాడు గానీ ప్రాజెక్ట్ ఇవ్వలేదు. ఈఎస్‌జీఆర్ అని రిజర్వ్ వాళ్ళకీ యజమానులకీ మధ్య మాట్లాడి సర్దుబాటు చేసే సంస్థ ఉంది, ఆ అంబుడ్స్‌మన్ రెండు ఫోన్‌లు చేశాక మారింది. దాని తర్వాత నేను నేర్చుకున్నది, ఆర్డర్లు చేతికి వచ్చేదాకా ఆగకుండా, ఏడాది డ్రిల్ క్యాలెండర్ అక్టోబర్‌లోనే మేనేజర్‌కి పంపేయడం.

పెన్షన్ కోసం చేరేవాళ్ళకి ఒక లెక్క. ఏడాదికి కనీసం 50 పాయింట్లు వస్తే అది మంచి ఏడాది, అలాంటివి 20 కావాలి, డబ్బు మామూలుగా 60వ ఏట మొదలవుతుంది (2008 జనవరి 28 తర్వాత చేసిన యాక్టివ్ డ్యూటీలో ప్రతి 90 రోజులకి మూడు నెలలు ముందే మొదలవుతుంది, 50కి తగ్గకుండా). 48 డ్రిల్‌లు (ఒక్కో వీకెండ్‌కి నాలుగు లెక్క), 14 రోజుల శిక్షణ, 15 సభ్యత్వ పాయింట్లు, మొత్తం 77. ఇరవై ఏళ్ళకి 1540. ఏడాదికి 360 రోజుల లెక్కన భాగిస్తే నాలుగేళ్ళ చిల్లర. 2018 తర్వాత చేరేవాళ్ళకి ఏడాదికి 2 శాతం, అంటే బేసిక్‌లో 9 శాతం లోపే. మొబిలైజ్ అయితే రోజుకో పాయింట్ కాబట్టి పెరుగుతుంది. డబ్బు కోసమైతే ఆ వీకెండ్‌ల్లో ఇంకేదైనా చేసుకోవచ్చు, నేనైతే ఆ డ్రైవర్ లాంటివాళ్ళ కోసం ఉన్నా.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రిక్రూటర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆఫీసర్ రిక్రూటర్‌నే అడగండి, మామూలు రిక్రూటర్ మిమ్మల్ని సోల్జర్‌గా రాయించేస్తాడు. దానికి ముందే ఒక నోట్‌బుక్ తీసుకుని పదేళ్ళ అడ్రస్‌లు నెలలతో సహా, ఇండియా ప్రయాణాల తేదీలు పాస్‌పోర్ట్ స్టాంపులు చూసి, అమ్మానాన్న వైపూ మీ ఆవిడ వైపూ దగ్గరివాళ్ళ పుట్టిన తేదీలు రాసి పెట్టుకోండి. మీ పేరు మీద ఊళ్ళో ఏమేం ఉన్నాయో నాన్నగారిని ఈ వారమే ఫోన్ చేసి అడగండి. సర్వే నంబర్‌తో సహా.